జీతం లేని ఎమ్మెల్యే, రద్దు కాని కౌన్సిల్: పాత విక్టోరియా పార్లమెంటులో అసలు గొడవేంటి?

మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్ళకి స్ప్రింగ్ స్ట్రీట్‌లో ఆ లావు స్తంభాలు, పెద్ద మెట్లు ఉన్న బిల్డింగ్ తెలిసే ఉంటుంది. అదే ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర పార్లమెంట్ హౌస్. ఇండియా నుంచి చుట్టాలొస్తే ఆ మెట్ల మీద ఫోటో దిగకుండా పంపరు. అసలు ప్లాన్‌లో దాని నెత్తిన పెద్ద గుమ్మటం ఉంది, 1890ల్లో డబ్బులైపోయి ఆగిపోయింది, ఇప్పటికీ కట్టలేదు. డబ్బులెందుకు అయిపోయాయో కింద చెప్తాను, దాంట్లో అక్కడ కూర్చున్న పెద్దమనుషుల చెయ్యి కూడా ఉంది.

ఆ కాలం విక్టోరియా గురించి చదవడం మొదలెడితే మొదట బుర్ర తిరుగుతుంది. ఒక పేజీలో సీక్రెట్ బ్యాలెట్ చట్టం అందరికన్నా ముందు తెచ్చినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు, 1857కే ఆస్తితో పని లేకుండా మగాళ్ళకి ఓటిచ్చింది వీళ్ళే అని ఉంటుంది. పేజీ తిప్పితే గవర్నమెంటు జీతాలివ్వలేక ఆగిపోయింది, జడ్జీల్ని ఒక్క రోజులో పీకేశారు, గవర్నర్ని లండన్ వెనక్కి పిలిపించేసింది అని ఉంటుంది. రెండూ నిజమే. అంత ముందున్న కాలనీ అన్నిసార్లు ఎందుకు ఇరుక్కుపోయింది అంటే, సభలోకి ఎవరు రావచ్చు, వచ్చినవాడు ఏం తిని బతకాలి అనే రెండు ప్రశ్నలు పట్టుకుంటే చాలావరకు చిక్కు విడిపోతుంది.

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్. 1851 జులైలో విక్టోరియా న్యూ సౌత్ వేల్స్ నుంచి విడిపోయి వేరే బ్రిటిష్ కాలనీ అయింది, అదే ఏడాది బంగారం దొరికింది. అప్పటికి జనాభా ఓ 77 వేలు, పదేళ్ళు తిరిగేసరికి 5 లక్షల 40 వేల దాకా వచ్చింది. ఓడలెక్కి వచ్చినవాళ్ళలో ఇంగ్లండ్‌లో ఓటు హక్కు ఉద్యమాల్లో తిరిగినవాళ్ళు, ఐర్లండ్‌లో జైలు చూసొచ్చినవాళ్ళు చాలామంది. కానీ అప్పటి సభ మాత్రం 30 మంది ఉన్న ఒకే ఒక లెజిస్లేటివ్ కౌన్సిల్, అందులో 20 మందిని ఆస్తిపరులు ఎన్నుకుంటే 10 మందిని పైనుంచి నామినేట్ చేసేవాళ్ళు. గనుల్లో తవ్వుకునేవాడికి ఓటు లేదు, బంగారం దొరికినా దొరక్కపోయినా నెలకి 30 షిల్లింగుల లైసెన్సు ఫీజు మాత్రం కట్టాల్సిందే.

అది ముదిరి ముదిరి 1854 డిసెంబర్ 3న బల్లారాట్ అనే గనుల ఊరి దగ్గర, గని పనోళ్ళు కర్రలతో కట్టుకున్న యురేకా స్టాకేడ్ అనే కంచెలో పేలింది. సైన్యం తెల్లారుజామున మీద పడింది, కనీసం 22 మంది గని పనోళ్ళు చచ్చిపోయారు. వాళ్ళ నాయకుడు పీటర్ లేలర్ అనే ఐరిష్ కుర్రాడు, భుజంలో తూటా దిగితే ఎడమ చెయ్యి తీసేయాల్సొచ్చింది, తల మీద 200 పౌండ్ల రివార్డు ప్రకటించారు. తర్వాత దేశద్రోహం కేసులో నిలబెట్టిన 13 మందిలో ఒక్కడికి కూడా శిక్ష వెయ్యడానికి జ్యూరీ ఒప్పుకోలేదు. ఏడాది తిరక్కుండా, 1855 నవంబర్లో, అదే లేలర్ పోటీ కూడా లేకుండా బల్లారాట్ నుంచి సభ్యుడైపోయాడు! ఆ తర్వాత 1880 నుంచి 1887 దాకా అసెంబ్లీ స్పీకర్.

సినిమాకి సరిపోయే కథలా ఉంది కదా, కానీ సెకండాఫ్ వేరేగా ఉంటుంది. సభలోకొచ్చిన లేలర్ కొత్త ఎన్నికల చట్టం మీద ఆస్తిపరుల వైపు మాట్లాడాడని బల్లారాట్ జనం గింజుకున్నారు, ఆయన ఇంకో నియోజకవర్గానికి మారిపోయాడు. 1873లో క్లూన్స్ ఊళ్ళో లోథైర్ గనిలో సమ్మె జరిగితే, పనోళ్ళ స్థానంలో చైనా కూలీల్ని దింపాలని చూసిన కంపెనీ డైరెక్టర్లలో ఈయన కూడా ఒకడు. ఆయన్ని హీరో అనాలా ద్రోహి అనాలా అని అక్కడ ఇప్పటికీ వాదిస్తారు. నాకైతే చెయ్యి పోగొట్టుకున్నోడు, గని డైరెక్టరు ఇద్దరూ ఒకే మనిషి అని ఒప్పుకుంటేనే ఆ కాలం అర్థమవుతుందనిపిస్తుంది.

ఇక అసలు రాజ్యాంగం. 1856లో రెండు సభల పార్లమెంటు మొదలైంది. కింద లెజిస్లేటివ్ అసెంబ్లీ, 60 మంది. పైన లెజిస్లేటివ్ కౌన్సిల్, 30 మంది. కౌన్సిల్లో కూర్చోవాలంటే 30 ఏళ్ళు నిండాలి, 5,000 పౌండ్ల ఆస్తో లేదా ఏడాదికి 500 పౌండ్లు తెచ్చే ఆస్తో ఉండాలి. వీళ్ళకి ఓటేసేవాళ్ళు కూడా ఆస్తిపరులే, లేకపోతే డిగ్రీ చేసినవాళ్ళు, లాయర్లు, డాక్టర్లు, పాస్టర్లు లాంటోళ్ళు. పదవీకాలం పదేళ్ళు. అన్నిటికన్నా ముఖ్యమైన పాయింట్ ఏంటంటే కౌన్సిల్‌ని ఎవరూ రద్దు చెయ్యలేరు. అసెంబ్లీని గవర్నర్ రద్దు చేసి ఎన్నికలకి పంపొచ్చు, కౌన్సిల్ మాత్రం కదలదు మెదలదు. రాసినవాళ్ళ ఉద్దేశం దాచిపెట్టిందేం కాదు, గనుల నుంచొచ్చే జనం అసెంబ్లీని నింపేస్తారు, వాళ్ళకి బ్రేక్ వెయ్యడానికి ఆస్తిపరుల సభ ఒకటి ఉండాలి, అంతే.

ఆ బ్రేక్ ఎంత గట్టిదో ఒక్క సెక్షన్లో ఉంది, 56వ సెక్షన్. పన్నులు, ఖర్చుల బిల్లులు అసెంబ్లీలోనే పుట్టాలి, కౌన్సిల్ వాటిని ఒక్క అక్షరం మార్చకూడదు, కానీ మొత్తానికి మొత్తం తిప్పికొట్టొచ్చు. చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ దీనివల్ల రెండు వైపులా బ్లాక్‌మెయిల్‌కి తలుపు తెరుచుకుంది. కౌన్సిల్‌కి నచ్చని పాలసీ ఏదైనా ఉంటే అసెంబ్లీ దాన్ని బడ్జెట్ బిల్లుకి ముడేసి పైకి పంపుద్ది, ఇప్పుడు కౌన్సిల్ దాన్ని మింగాలి లేదా గవర్నమెంటు జీతాలన్నీ ఆపాలి, మధ్యలో దారి లేదు. మన శాసనమండలిలో ఈ సమస్య రాదు, ఎందుకంటే మన రాజ్యాంగం 198వ అధికరణం ప్రకారం మనీ బిల్లుని మండలి 14 రోజులకి మించి ఆపలేదు, ఆ తర్వాత పాసైనట్టే. విక్టోరియా వాళ్ళకి ఆ 14 రోజుల రూలు లేదు, అందుకే నెలలు నెలలు కొట్టుకున్నారు.

దేని కోసం కొట్టుకున్నారు అంటే మొదటిది భూమి. అక్కడ స్క్వాటర్లు అని ఒక వర్గం ఉండేది. మన దగ్గర ఆక్రమణదారుడంటే రోడ్డు పక్కన గుడిసేసుకున్నోడు గుర్తొస్తాడు, అక్కడ రివర్సు, సర్కారు భూముల్లోకి వేల గొర్రెలు తోలుకెళ్ళి, తర్వాత నామమాత్రం లైసెన్సు ఫీజు కట్టి, అవి మావే అన్నట్టు కూర్చున్న కోటీశ్వరులు వీళ్ళు. (ఆ భూములు అంతకు ముందు ఎవరివో ఏ సభలోనూ ఎవరూ గట్టిగా అడగలేదు, దానికి మళ్ళీ వస్తా.) బంగారం తగ్గాక జనం భూమి అడిగారు. 1862లో ఛార్లెస్ గావన్ డఫీ తెచ్చిన చట్టం కోటి ఎకరాలు చిన్న రైతులకి తెరిచింది. మంచి భూమంతా ఎక్కడికి పోయింది? మళ్ళీ స్క్వాటర్ల దగ్గరికే! డమ్మీలు అని పిలిచే మనుషుల్ని పెట్టి వాళ్ళ పేర్ల మీద కొనిపించారు, అంటే మన భాషలో బినామీలు. ల్యాండ్ సీలింగ్ టైంలో మన ఊళ్ళలో పాలేర్ల పేరు మీద, పనిమనుషుల పేరు మీద భూములు రాసిన కథలు విన్నవాళ్ళకి ఇదేం కొత్తగా అనిపించదు.

స్క్వాటర్లలో హ్యూ గ్లాస్ అని ఒకాయన, కాలనీలోనే పెద్ద ధనవంతుల్లో ఒకడు, ఇంకో అడుగు ముందుకేసి సభ్యుల్నే కొన్నాడు. 1869లో కమిటీ వేసి తవ్వితే లంచాలు బయటపడ్డాయి, అసెంబ్లీ ఇద్దరు సభ్యుల్ని బహిష్కరించింది, గ్లాస్‌ని సభాధిక్కారం కింద జైల్లో పెట్టింది. సుప్రీంకోర్టు వదిలేసింది, జనం జేజేలు కొట్టారు. కేసు లండన్ ప్రివీ కౌన్సిల్ (కాలనీల కేసులకి అప్పట్లో ఆఖరి కోర్టు) దాకా వెళ్తే 1871లో వాళ్ళు, అసెంబ్లీకి జైల్లో పెట్టే అధికారం ఉంది అన్నారు, ఆ తీర్పొచ్చిన ఏడాదే గ్లాస్ పోయాడు. బహిష్కరించిన జోన్స్ అనే ఆయన మాత్రం మళ్ళీ నిలబడి బల్లారాట్‌లో మళ్ళీ గెలిచాడు. ఓటర్లు ఎక్కడైనా ఓటర్లే.

రెండోది టారిఫ్, అంటే దిగుమతి సుంకాలు. ఇంగ్లండ్ సరుకు మీద పన్నేస్తే ఇక్కడ ఫ్యాక్టరీలొస్తాయి, పనులొస్తాయి అని డేవిడ్ సైమ్ నడిపే ఏజ్ పేపర్ రోజూ వాయించేది, అది మామూలు జనం పేపర్. ఆర్గస్ పేపర్ వ్యాపారుల వైపు, పన్నులొద్దనేది. 1865లో ప్రీమియర్ (అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు) జేమ్స్ మెకల్లక్ టారిఫ్‌ని బడ్జెట్ బిల్లుకి ముడేసి పైకి పంపాడు. కౌన్సిల్ పక్కన పడేసింది. ఖజానాలో డబ్బుంది, ఖర్చు పెట్టడానికి చట్టం లేదు.

ఇక్కడ అటార్నీ జనరల్ జార్జ్ హిగిన్‌బోతమ్ వేసిన ప్లాన్ చూడండి, నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన ఎపిసోడ్ ఇదే. గవర్నమెంటు లండన్ చార్టర్డ్ బ్యాంకు దగ్గర 40,000 పౌండ్లు అప్పు తీసుకుంది. ఆ బ్యాంకుకి అక్కడున్న ఏకైక డైరెక్టర్ ఎవరయ్యా అంటే సాక్షాత్తూ ప్రీమియర్ మెకల్లక్. అప్పు తీర్చలేదని బ్యాంకు గవర్నమెంటు మీద కోర్టులో కేసేసింది. గవర్నమెంటు వాదించదు, అవును బాకీ ఉన్నాం అని ఒప్పేసుకుంటుంది. కోర్టు తీర్పిస్తుంది. గవర్నమెంటు మీద వచ్చిన కోర్టు తీర్పుకి డబ్బు కట్టాలంటే బడ్జెట్ బిల్లు అక్కర్లేదు, దానికి వేరే చట్టం ముందే ఉంది, కాబట్టి ఖజానా నుంచి బ్యాంకుకి డబ్బెళ్తుంది. బ్యాంకు మళ్ళీ అప్పిస్తుంది, మళ్ళీ కేసు, మళ్ళీ ఒప్పుకోలు. ఇలా తిప్పి తిప్పి ఉద్యోగుల జీతాలిచ్చారు! ఈ ఐడియా వేసిన హిగిన్‌బోతమ్ తర్వాత అదే కాలనీకి చీఫ్ జస్టిస్ అయ్యాడు. మనిషి నిజాయితీపరుడని శత్రువులు కూడా ఒప్పుకున్నారు, అదే ఇందులో గమ్మత్తు.

ఇలాంటి కాగితాల మీద గవర్నర్ సంతకం కావాలి కదా, సర్ ఛార్లెస్ డార్లింగ్ పెట్టాడు. పక్షపాతం చూపించావని 1866లో లండన్ ఆయన్ని వెనక్కి పిలిచేసింది. టారిఫ్ గొడవ చివరికి రాజీ పడింది గానీ, మా కోసం ఉద్యోగం పోగొట్టుకున్నాడు పాపం అని అసెంబ్లీ డార్లింగ్ భార్యకి 20,000 పౌండ్లు ఇవ్వాలంది, దాన్నీ బడ్జెట్‌కే ముడేసింది, కౌన్సిల్ మళ్ళీ ఆపింది, 1867-68 మొత్తం దీనికే సరిపోయింది. డార్లింగ్‌కి లండన్ పెన్షన్ ఇవ్వడంతో ఆ మంట చల్లారింది.

ఇక మూడో గొడవ, నా దృష్టిలో అన్నిటికీ వేరు ఇదే. సభ్యుల జీతం. ఇవాళ ఎమ్మెల్యేల జీతాలు పెంచుకున్నారంటే మనందరికీ ఒళ్ళు మండుద్ది. అప్పుడు కథ తిరగేసి ఉంది. 1857లో అసెంబ్లీ సభ్యుడికి ఆస్తి ఉండాలనే రూలు తీసేశారు, ఎవరైనా నిలబడొచ్చు. కానీ జీతం లేదు. బెండిగో నుంచి ఒక గని పనోడు గెలిచాడనుకోండి, నెలల తరబడి మెల్‌బోర్న్‌లో ఎక్కడుండాలి, ఇంట్లో పిల్లలకి ఎవరు పెట్టాలి? తలుపు తీసిపెట్టి నిచ్చెన లాగేసినట్టు ఉంది ఆ ఏర్పాటు. 1859లో కాలింగ్‌వుడ్ నుంచి గెలిచిన ఛార్లెస్ జార్డైన్ డాన్ రాళ్ళు చెక్కే మేస్త్రీ, పగలు రాళ్ళ పని, రాత్రి సభ. ఎన్నాళ్ళు సాగుద్ది? 1866లోనే పోయాడు. ఇందాక చెప్పిన డఫీ కథ ఇంకోలా ఉంటుంది. ఐర్లండ్‌లో రాజద్రోహం కేసులు ఎదుర్కొని 1856లో మెల్‌బోర్న్ వచ్చాడు, పేరుంది గానీ చేతిలో ఆస్తి లేదు, అభిమానులు చందాలేసుకుని 5,000 పౌండ్లు పోగుచేసి ఆస్తి కొనిచ్చి మరీ సభలోకి పంపారు. లోపలికెళ్ళిన ఆయన చేసిన మొదటి పెద్ద పనుల్లో ఒకటి ఆ ఆస్తి రూలే తీసేయించడం! తర్వాత 1871లో ప్రీమియర్ కూడా అయ్యాడు. మరి చందాలేసే అభిమానులు లేనోడి సంగతేంటి?

అందుకే 1870లో ఏడాదికి 300 పౌండ్ల జీతం చట్టం తెచ్చారు, ఆస్ట్రేలియా కాలనీల్లో మొదటిది అదే. ఇంగ్లండ్ పార్లమెంటులో మామూలు సభ్యులకి 1911 దాకా జీతం లేదు, చూసుకోండి. కానీ విక్టోరియాలో అది తాత్కాలికం, గడువైపోయిన ప్రతిసారీ కౌన్సిల్ కాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. 1877 ఎన్నికల్లో గ్రహమ్ బెర్రీ భారీ మెజారిటీతో వచ్చాడు. ఈయన ఒకప్పుడు కిరాణా కొట్టు నడిపినోడు, తర్వాత పేపర్ పెట్టాడు, మైకు లేని రోజుల్లో వేలమందిని ఊపేసే గొంతు. పాత అలవాటు ప్రకారం సభ్యుల జీతాన్ని బడ్జెట్ బిల్లులో పెట్టాడు. పాత అలవాటు ప్రకారమే కౌన్సిల్ ఆపింది.

1878 జనవరి 9, బుధవారం. బెర్రీ గవర్నమెంటు కౌంటీ కోర్టు జడ్జీల్ని, పోలీసు మేజిస్ట్రేట్లని, గనుల వార్డెన్లని, శాఖల పెద్దల్ని, రెండొందల మందికి పైగా ఒక్కసారే ఉద్యోగాల నుంచి తీసేసింది. బడ్జెట్ లేదు కాబట్టి జీతాలివ్వలేం, అందుకని పొదుపు అని పైకి చెప్పారు. అసలు లెక్క వేరు, ఆ పెద్ద ఉద్యోగులంతా కౌన్సిల్ పెద్దమనుషుల బంధువులు, క్లబ్బు స్నేహితులు అని బెర్రీ మనుషుల నమ్మకం. అత్త మీద కోపం దుత్త మీద చూపించారన్నమాట. దాన్ని ఇప్పటికీ బ్లాక్ వెన్స్‌డే అంటారు. ఊళ్ళో డబ్బున్నోళ్ళకి విప్లవం వచ్చేస్తుందని వణుకు పుట్టింది. గవర్నర్ బోవెన్ మంత్రుల సలహా విని సంతకం పెట్టినందుకు తిట్లు తిన్నాడు. కొన్ని నెలలకి జీతం బిల్లుని విడిగా పంపితే కౌన్సిల్ పాస్ చేసింది, తీసేసినవాళ్ళలో చాలామందిని మళ్ళీ తీసుకున్నారు. బెర్రీ లండన్ వెళ్ళి కౌన్సిల్‌ని మీరే సరిచెయ్యండి అని అడిగితే, మీ ఇంటి గొడవ మీరే చూసుకోండి అని పంపేశారు.

చివరికి 1881లో రాజీ. కౌన్సిల్ 42 మంది అయింది, పదవీకాలం పదేళ్ళ నుంచి ఆరుకి దిగింది, నిలబడ్డానికీ ఓటెయ్యడానికీ ఉన్న ఆస్తి గీత కూడా కిందికొచ్చింది. బెర్రీ గెలిచాడా అంటే నాకు డౌటే. అప్పటిదాకా కౌన్సిల్‌ని గుప్పెడు మంది స్క్వాటర్ల క్లబ్బు అని కొట్టిపారేసేవాళ్ళు, ఇప్పుడు దానికి కూడా మాకూ ఓటర్లున్నారు అని చెప్పుకునే ముఖం వచ్చింది. జీతం మాత్రం 1886లో పర్మనెంట్ అయింది.

ఈ గోలలోనే 22 ఏళ్ళ ఆల్ఫ్రెడ్ డీకిన్ వచ్చాడు, తర్వాత ఆస్ట్రేలియా ప్రధాని అయిన మనిషి. 1879లో గెలిచాడు, కానీ న్యూహమ్ అనే చోట బ్యాలెట్ పేపర్లు అయిపోయి కొంతమంది ఓటెయ్యలేకపోయారని తేలింది. ఏం చేశాడో తెలుసా, సభలో తన మొట్టమొదటి స్పీచ్‌లోనే రాజీనామా చెప్పేశాడు. మళ్ళీ పోటీ చేసి 15 ఓట్లతో ఓడిపోయాడు, సభలోకి తిరిగి రావడానికి 1880 జులై దాకా పట్టింది. ఇరిగేషన్ మంత్రిత్వం చూసిన ఈయన 1890లో ఇండియా వచ్చి మన కాలవలూ ఆనకట్టల మీద ఏకంగా పుస్తకమే రాశాడు, అది వేరే కథ.

జీతాలొచ్చాక సభ్యులు శుద్ధులైపోయారనుకుంటే పొరపాటు. 1880ల్లో మెల్‌బోర్న్‌లో రియల్ ఎస్టేట్ పిచ్చి పట్టింది, సభ్యులే వెంచర్లు వేసేవాళ్ళు, సభ్యులే ఆ వెంచర్ల పక్కనుంచి రైలు లైన్లు శాంక్షన్ చేసేవాళ్ళు. 1884 రైల్వే చట్టంలో ఎన్ని లైన్లు పెట్టారంటే జనం దాన్ని ఆక్టోపస్ చట్టం అన్నారు. మన దగ్గర రింగ్ రోడ్డు ఎటు వెళ్తుందో ముందే తెలిసినోడు ఎకరాలు కొన్నట్టే అనుకోండి. 1890లో ప్రీమియర్ అయిన జేమ్స్ మన్రో మందు మానమని ఊరూరా చెప్పిన భక్తిపరుడు, బ్యాంకులు పెట్టినోడు కూడా. బూమ్ పగిలి బ్యాంకులు కూలుతుంటే 1891 డిసెంబర్లో ఈయన గవర్నమెంటు హడావిడిగా ఒక చట్టం పాస్ చేసింది, దానివల్ల కంపెనీ నుంచి డబ్బు రావాల్సినవాళ్ళు కొద్దిమంది కోర్టుకెళ్ళి కంపెనీని మూయించడం కుదరదు. తర్వాత రెండు నెలలకి ప్రీమియర్ పదవి వదిలేసి లండన్‌లో కాలనీ ప్రతినిధి, అంటే ఏజెంట్ జనరల్ పోస్టులో తనని తానే వేసుకుని ఓడెక్కాడు. డబ్బు పోగొట్టుకున్న జనం ఊరుకోలేదు, వెనక్కి రావాల్సొచ్చింది, 1893లో దివాలా. స్పీకర్ మాథ్యూ డేవిస్ కంపెనీలూ కూలాయి, ఆయన కోర్టు మెట్లెక్కి చివరికి శిక్ష లేకుండా బయటపడ్డాడు. ఆయన స్పీకర్‌గా ఉండగానే 1891 అక్టోబర్లో స్పీకర్ ముందు పెట్టే వెండి రాజదండం మాయమైంది. అది పక్కనే లిటిల్ లాన్స్‌డేల్ స్ట్రీట్ వేశ్యాగృహంలో తేలిందని, అక్కడ కొందరు సభ్యులు దాంతో సభ నడిపి నవ్వుకున్నారని పుకారు. 1893లో విచారణ వేశారు, ఏమీ తేలలేదు, దండం ఇవాళ్టికీ దొరకలేదు.

రెండు సభలూ పెద్దగా కొట్టుకోకుండా పాస్ చేసినవి కూడా ఉన్నాయి, అవి చూస్తే ఇంకా చిరాకొస్తుంది. 1855లోనే, పాత ఒంటి కౌన్సిల్ ఉన్నప్పుడే, ఓడలో వచ్చే ఒక్కో చైనీయుడి మీద 10 పౌండ్ల పన్నేశారు, వాళ్ళు సౌత్ ఆస్ట్రేలియాలో రోబ్ దగ్గర దిగి వందల మైళ్ళు నడిచి గనులకొచ్చారు. 1886లో ఆదివాసుల చట్టం తెచ్చి, మిశ్రమ రక్తం ఉన్న 34 ఏళ్ళ లోపు వాళ్ళని, ఆదివాసులు ఉండటానికి కేటాయించిన రిజర్వుల నుంచి బయటికి పొమ్మన్నారు, అంటే కుటుంబాల్ని అడ్డంగా చీల్చారు. బిల్లుని ముడెయ్యడం, ఆపడం, ఉద్యోగుల్ని పీకడం లాంటివేవీ దీనికి అవసరం పడలేదు.

ఆడవాళ్ళ ఓటు సంగతి ఇంకో వింత. 1863 చట్టంలో మున్సిపల్ పన్ను కట్టే వ్యక్తులందరికీ ఓటు అని రాశారు, వ్యక్తులంటే ఆడవాళ్ళు కూడా వస్తారని ఎవరికీ తట్టలేదు. 1864 ఎన్నికల్లో పన్ను కట్టే ఆడవాళ్ళు వెళ్ళి శుభ్రంగా ఓటేసొచ్చారు. 1865లో మగ వ్యక్తులు అని దిద్దేశారు. 1891లో సుమారు 30,000 సంతకాలతో 260 మీటర్ల పొడవు పిటిషన్ తెచ్చి సభ ముందు పెట్టారు, ఓటు కావాలని. అసెంబ్లీ కొన్నిసార్లు సరే అంది, కౌన్సిల్ ప్రతిసారీ తిప్పికొట్టింది. 1901లో ఆస్ట్రేలియా దేశం ఏర్పడ్డాక జాతీయ పార్లమెంటు 1927 దాకా ఆ స్ప్రింగ్ స్ట్రీట్ బిల్డింగ్‌లోనే కూర్చుంది, విక్టోరియా సభలు ఎగ్జిబిషన్ బిల్డింగ్‌కి సర్దుకున్నాయి. కాబట్టి 1903లో మెల్‌బోర్న్ ఆడవాళ్ళు స్ప్రింగ్ స్ట్రీట్‌లో కూర్చునేవాళ్ళకి ఓటెయ్యగలిగారు, కొంచెం అవతల ఎగ్జిబిషన్ బిల్డింగ్‌లో కూర్చునేవాళ్ళకి మాత్రం 1908 చట్టం వచ్చేదాకా వెయ్యలేకపోయారు. ఆ కౌన్సిల్‌కి ఓటెయ్యాలంటే ఆస్తి ఉండాలనే రూలు పోయింది ఎప్పుడనుకుంటున్నారు? 1950లో, అంటే మన రాజ్యాంగం చదువు, ఆస్తి, ఆడ, మగ తేడా లేకుండా పెద్దవాళ్ళందరికీ ఓటిచ్చిన ఏడాదే.